ఎంఎస్‌లో జీపీఏ తగ్గిందా? ఇంజినీరింగ్ ఉద్యోగం దాకా వరసగా చేయాల్సిన పనులు

ఫాల్ సెమిస్టర్ గ్రేడ్లు వచ్చిన వారం నుంచి అమెరికాలో ఎంఎస్ చదివే మన పిల్లలు జీపీఏ (నాలుగుకి లెక్కించే గ్రేడ్ల సగటు) గురించి అడిగే ప్రశ్న ఒకటే: "జీపీఏ మూడు కంటే తగ్గింది, ఇక ఉద్యోగం వస్తుందా?" వస్తుంది. కానీ పనులు వరస తప్పకుండా చేయాలి. చాలామంది గ్రేడ్లు చూసిన రాత్రే రెజ్యూమే దిద్దడం మొదలుపెడతారు. అది చాలా తర్వాత చేయాల్సిన పని. ముందు డిగ్రీ చేతికి రావాలి, వీసా స్టేటస్ నిలబడాలి, ఆ తర్వాతే కంపెనీల సంగతి.

నేను చూసినంతలో, తక్కువ జీపీఏ వల్ల నేరుగా చేజారే ఉద్యోగాలు కొన్నే. ఆ జీపీఏ చూసి కంగారుపడి చేసిన పనుల వల్ల చేజారేవే ఎక్కువ. అందుకే కింద ఏం చేయాలో చెప్పినంత వివరంగా, ఏది ఎప్పుడు చేయాలో కూడా చెప్పాను.

## 1. కాగితం మీద లెక్క వేయండి

టెన్షన్ పడే ముందు ట్రాన్‌స్క్రిప్ట్ ముందేసుకుని కూర్చోండి. ఎక్కువ యూనివర్సిటీల్లో ఏ అంటే 4.0, ఏ మైనస్ 3.7, బీ ప్లస్ 3.3, బీ 3.0, బీ మైనస్ 2.7, సీ ప్లస్ 2.3. కొన్నిచోట్ల 3.67, 3.33 అని లెక్కిస్తారు. మీ గ్రాడ్యుయేట్ స్కూల్ (మాస్టర్స్, పీహెచ్‌డీ చూసే విభాగం) క్యాటలాగ్‌లో ఏది ఉందో అదే తీసుకోండి.

ఒక ఉదాహరణ. 30 క్రెడిట్ల ఎంఎస్, అంటే మూడేసి క్రెడిట్ల కోర్సులు పది. మొదటి సెమిస్టర్లో బీ మైనస్, బీ, సీ ప్లస్ వచ్చాయి. మొత్తం 8.0 పాయింట్లు, మూడుతో భాగిస్తే 2.67. ఇంకా ఏడు కోర్సులు ఉన్నాయి.

- 3.0తో బయటపడాలంటే మిగతా ఏడింటిలో సగటు 3.14 రావాలి. ఏడింటిలోనూ బీ ప్లస్ తెచ్చుకుంటే 3.11 దగ్గర ముగుస్తుంది.
- 3.3 కావాలంటే సగటు 3.57. ఐదు ఏ మైనస్‌లు, రెండు బీ ప్లస్‌లు సరిపోతాయి.
- 3.5 కావాలంటే సగటు 3.86. నాలుగు ఏలు, మూడు ఏ మైనస్‌లు రావాలి.

ఇక్కడే చాలామంది గమనించని విషయం ఒకటుంది. వచ్చే సెమిస్టర్ చివరికే 3.0 దాటాలని షరతు పెడితే, మూడు కోర్సుల్లోనూ బీ ప్లస్ తెచ్చుకున్నా మొత్తం 2.98 దగ్గర ఆగిపోతుంది. రెండు బీ ప్లస్‌లకు తోడు ఒక్క ఏ మైనస్ ఉంటేనే 3.05 అవుతుంది. "అన్నిట్లో బీ ప్లస్ వస్తే చాలు" అనుకుని చదివితే రెండు వందో వంతుల తేడాతో మళ్లీ అదే ఇబ్బందిలో పడతారు. మీ అంకెలు వేసి చూసుకోండి. ఏ కోర్సులో ఏ మైనస్ కొట్టగలరో సెమిస్టర్ మొదటి వారంలోనే తేల్చుకోండి.

## 2. మొదటి పని: 3.0 దాటడం, స్టేటస్ నిలుపుకోవడం

ఎక్కువ గ్రాడ్యుయేట్ స్కూళ్లలో డిగ్రీ ఇవ్వడానికి 3.0 ఉండి తీరాలి. దానికి తగ్గితే అకడమిక్ ప్రొబేషన్ అంటారు. ప్రొబేషన్ వచ్చినంత మాత్రాన వీసా స్టేటస్ పోదు. గడువులోగా కోలుకోక డిస్మిస్ చేస్తేనే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే ప్రభుత్వ వ్యవస్థ) రికార్డుకు ముప్పు.

ప్రొబేషన్ లెటర్ రాగానే ఇద్దరిని కలవాలి. ఒకరు డిపార్ట్‌మెంట్‌లోని గ్రాడ్యుయేట్ అడ్వైజర్. రెండోవారు ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వీసా స్టేటస్ చూసే అధికారి, డీఎస్‌ఓ. మనవాళ్లు సాధారణంగా రూమ్మేట్‌నో, వాట్సాప్ గ్రూపునో అడుగుతారు. ఆ సలహాలు వేరే యూనివర్సిటీ, వేరే సంవత్సరం నియమాలను బట్టి వచ్చినవై ఉంటాయి. మీ ఫైల్ చూడగలిగేది ఈ ఇద్దరే.

అడ్వైజర్‌ను అడగాల్సినవి

- ప్రొబేషన్ ఎన్ని సెమిస్టర్లు? ఏ తేదీకి ఎంత జీపీఏ చూపించాలి?
- కోర్సు మళ్లీ తీసుకుంటే పాత గ్రేడు పోతుందా, రెండూ కలుస్తాయా?
- సీ వచ్చిన కోర్సు డిగ్రీ ప్లాన్‌లో లెక్కకొస్తుందా?
- థీసిస్, ఇండిపెండెంట్ స్టడీ క్రెడిట్లకు లెటర్ గ్రేడు ఇస్తారా, పాస్ అని మాత్రమే ఇస్తారా?
- ప్రొబేషన్లో ఉండగా టీఏ (బోధనలో సాయం), ఆర్ఏ (పరిశోధనలో సాయం) పనులు, సీపీటీ (చదువులో భాగంగా బయట పని చేసే అనుమతి) ఇస్తారా?

నాలుగో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ ముఖ్యమైనది. ప్రొఫెసర్‌తో చేసే ఇండిపెండెంట్ స్టడీకి లెటర్ గ్రేడు ఉంటే, మనసుపెట్టి పనిచేసినవాళ్ల జీపీఏకి అది బాగా కలిసొస్తుంది. పాస్ మాత్రమే ఇస్తే క్రెడిట్లు వస్తాయి, జీపీఏ అంగుళం కదలదు. దాని మీద ఆశ పెట్టుకుంటే చివరి సెమిస్టర్లో దిక్కుతోచదు.

డీఎస్‌ఓని అడగాల్సినవి

కోర్సు డ్రాప్ చేయాలనిపిస్తే డ్రాప్ బటన్ నొక్కే ముందే డీఎస్‌ఓ అనుమతి కావాలి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు ఫుల్ టైమ్ చదవాలి, గ్రాడ్యుయేట్ స్థాయిలో అది సాధారణంగా సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు. మొదట్లో ఇక్కడి బోధన పద్ధతి అలవాటు లేకో, స్థాయికి మించిన కోర్సులో చేరో ఇబ్బందిపడితే లోడ్ తగ్గించుకునే వెసులుబాటు ఉంది. కానీ చదువు ఇబ్బంది పేరుతో అది ఒక డిగ్రీకి ఒక్కసారే, సగానికి తగ్గకుండా. అనారోగ్యానికి వేరే దారి ఉంది. అనుమతి లేకుండా తగ్గితే మాత్రం, గ్రేడు కాపాడుకోబోయి స్టేటస్ పోగొట్టుకున్నట్టే.

ఇంకొకటి. ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన పత్రం) రాసిన ముగింపు తేదీలోగా డిగ్రీ అవ్వకపోతే పొడిగింపు అడగాలి. ఆ పొడిగింపుకు తగిన చదువు కారణం ఉండాలి. ప్రొబేషన్ వల్లో, సస్పెన్షన్ వల్లో ఆలస్యమైందంటే కుదరదని నిబంధనల్లోనే ఉంది. కాబట్టి "ఒక సెమిస్టర్ ఎక్కువ చదివి 3.0 చేసుకుందాంలే" అనే ఆలోచన డీఎస్‌ఓతో మాట్లాడకుండా పెట్టుకోవద్దు.

## 3. ఎందుకు తగ్గిందో తేల్చుకోండి

కారణం తెలియకుండా "ఈసారి బాగా చదువుతా" అంటే ఫలితం మారదు. మన పిల్లల విషయంలో ఎక్కువగా కనిపించేవి నాలుగు.

బరువైన కోర్సులు ఒకే సెమిస్టర్లో. అడ్వాన్స్‌డ్ ఆల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ మూడూ కలిపి తీసుకుంటే మూడింటి ప్రాజెక్టు డెడ్‌లైన్లూ ఒకే వారంలో మీద పడతాయి. ఒకటి బరువైనది, ఒకటి మధ్యరకం, ఒకటి మీకు పట్టున్నది, ఇలా కలపండి.

పునాది లేకపోవడం. బీటెక్‌లో పరీక్షకు వారం ముందు చదివి గట్టెక్కిన లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ఇక్కడ మొదటి హోమ్‌వర్క్‌లోనే ఎదురవుతాయి. ఇక్కడ హోమ్‌వర్క్, క్విజ్, మిడ్‌టర్మ్, ప్రాజెక్టు అన్నీ కలిసి గ్రేడు అవుతాయి. చివరి వారం చదువు పనికిరాదు. సిలబస్ షీట్‌లో దేనికెంత శాతమో ఉంటుంది, మొదటి రోజే చూడండి.

బయట పని. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేయవచ్చు. అనుమతి లేకుండా క్యాంపస్ బయట రాత్రిళ్లు స్టోర్‌లో నిలబడే పని స్టేటస్‌నే తీసేస్తుంది, నిద్రనూ తీసేస్తుంది. ఖర్చులకు కటకటలాడే పరిస్థితి నాకు తెలుసు. అలా ఉంటే లైబ్రరీ, డైనింగ్, గ్రేడర్ పనులకు సెమిస్టర్ మొదలవకముందే అప్లై చేయండి. యూనివర్సిటీలో ఎమర్జెన్సీ ఫండ్, ఫుడ్ ప్యాంట్రీ ఉన్నాయేమో అడగండి. అవి విద్యార్థుల కోసం పెట్టినవే, అడగడంలో నామోషీ లేదు.

కోడ్ పంచుకోవడం. స్నేహితుడికి అసైన్‌మెంట్ ఇవ్వడం మన దగ్గర సాయం కింద లెక్క. ఇక్కడ ఇచ్చినవాళ్లకూ తీసుకున్నవాళ్లకూ ఒకే శిక్ష పడవచ్చు. ప్రోగ్రామింగ్ కోర్సుల్లో మాస్ లాంటి పోలిక పట్టే సాఫ్ట్‌వేర్ వాడతారు. వేరియబుల్ పేర్లు మార్చినా అది పట్టేస్తుంది. సీ గ్రేడును ఇంటర్వ్యూలో వివరించవచ్చు. క్రమశిక్షణ రికార్డును వివరించడం చాలా కష్టం.

## 4. జీపీఏ ఎక్కడ అడుగుతారు, ఎక్కడ అడగరు

అన్ని ఇంజినీరింగ్ ఉద్యోగాలనూ ఒకే గాటన కట్టవద్దు. ముందుగా ఒక మాట: గ్రాడ్యుయేట్ చదువులో బీ అంటేనే అంచుకు దగ్గరైన గ్రేడు, అందుకే ఎంఎస్‌లో 3.1ని బీటెక్‌లో 3.1లా చూడరు. అయినా కటాఫ్ పెట్టే కంపెనీలు కూడా ఎక్కువగా 3.0 దగ్గరే పెడతాయి. 2.9కి, 3.05కి మధ్య తేడా అందుకే అంత ముఖ్యం. 3.2కి, 3.4కి మధ్య తేడా అంత కాదు.

సాఫ్ట్‌వేర్. కోడింగ్ టెస్టు, ఆ తర్వాత ఇంటర్వ్యూ రౌండ్లు. జీపీఏ అడిగేవాళ్లు తక్కువ. ట్రేడింగ్ సంస్థలు, కొన్ని పరిశోధన విభాగాలు మినహాయింపు. ఇక్కడ మీ సమయం మొత్తం సమస్యలు సాధించడం మీద పెట్టండి.

వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్), హార్డ్‌వేర్. మొత్తం జీపీఏ కంటే సంబంధిత కోర్సు గ్రేడునే పట్టి చూస్తారు. డిజిటల్ డిజైన్‌లో బీ మైనస్ ఉంటే సెటప్ టైమ్, హోల్డ్ టైమ్, క్లాక్ డొమైన్ క్రాసింగ్ మీద ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ పడతాయి. వాటికి తడబడకుండా చెబితే గ్రేడు సంగతి అక్కడితో సరి.

సివిల్. ఈ బ్రాంచివాళ్లకు చేతిలో ఉన్న మంచి ఆయుధం ఎఫ్ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్) పరీక్ష. ఇంజినీరింగ్ లైసెన్సు పరీక్షలు పెట్టే సంస్థ ఎన్‌సీఈఈఎస్ నిర్వహిస్తుంది, 110 ప్రశ్నలు, కంప్యూటర్ మీద, ఏడాది పొడవునా రాయవచ్చు. ఫలితం పాస్ లేదా ఫెయిల్ మాత్రమే. పాసయితే స్ట్రక్చరల్, ట్రాన్స్‌పోర్టేషన్, వాటర్ రిసోర్సెస్ కన్సల్టింగ్ సంస్థలు జీపీఏ వరస కంటే ముందు ఆ వరస చూస్తాయి. పరీక్షలో వాడే రిఫరెన్స్ హ్యాండ్‌బుక్ ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. దాన్ని పక్కన పెట్టుకునే ప్రాక్టీస్ చేయండి, ఏ సూత్రం ఎక్కడుందో వెతికే వేగమే సగం మార్కులు తెస్తుంది. ఎఫ్ఈ పాసయ్యాక ఇచ్చే ఇంజినీర్ ఇన్ ట్రైనింగ్ సర్టిఫికెట్ నియమాలు, విదేశీ బీటెక్‌ను గుర్తించే పద్ధతి రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఏ రాష్ట్రంలో పని చేయాలనుకుంటున్నారో ఆ రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు వెబ్‌సైట్ చూసుకోండి.

ఎలక్ట్రికల్ పవర్. మనవాళ్లు తక్కువగా వెళ్లే దారి. పీఎస్ఎస్ఈ, ఈట్యాప్, పీఎస్‌క్యాడ్ లాంటి టూల్స్ మీద నిజంగా చేయి తిరిగి, లోడ్ ఫ్లో, షార్ట్ సర్క్యూట్, రిలే కోఆర్డినేషన్ తెలిసినవాళ్లను 3.0 జీపీఏతోనూ పిలుస్తారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నంత తొక్కిసలాట ఇక్కడ ఉండదు.

మెకానికల్. జీడీ అండ్ టీ (డ్రాయింగ్‌లో కొలతలు, టాలరెన్సుల గుర్తులు) చదవగలగడం, టాలరెన్స్ స్టాకప్ చేతితో వేయగలగడం, సిమ్యులేషన్ ఫలితాన్ని చేతిలెక్కతో సరిచూడటం. ఈ మూడూ చూపిస్తే సర్వీస్, మాన్యుఫాక్చరింగ్, క్వాలిటీ ఉద్యోగాల్లో జీపీఏ పెద్దగా అడ్డురాదు.

రక్షణ రంగం. ఇక్కడ జీపీఏ అడుగుతారు, కానీ మనవాళ్లకు అసలు అడ్డంకి అది కాదు. ఎక్కువ ఉద్యోగాలకు అమెరికా పౌరసత్వమో, కనీసం గ్రీన్ కార్డో కావాలి. ఎఫ్-1 మీద వీటికి అప్లై చేసి "జీపీఏ వల్లే రాలేదు" అని కుంగిపోయేవాళ్లను చూస్తుంటాను.

హెచ్-1బీ (ఉద్యోగ వీసా) గురించి కూడా అడుగుతారు. పిటిషన్‌లో చూసేది మీ డిగ్రీ, అది ఉద్యోగానికి సంబంధించినదా కాదా అన్నది. జీపీఏకి అక్కడ వరస లేదు.

## 5. రెజ్యూమేలో, అప్లికేషన్ ఫారంలో ఏం రాయాలి

నా లెక్క ఇది. 3.5 పైన ఉంటే రాయండి. 3.3 నుంచి 3.5 మధ్య ఉంటే ఉద్యోగ ప్రకటనలో అడిగినప్పుడే రాయండి. 3.3 లోపు ఉంటే రెజ్యూమే మీద వద్దు. రాయకపోవడం అబద్ధం కాదు. తప్పు అంకె రాయడం అబద్ధం.

ఆన్‌లైన్ ఫారంలో జీపీఏ గడి తప్పనిసరైతే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్నదే నింపండి. 2.96ని 3.0 అని రాయవద్దు. ఆఫర్ లెటర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, ట్రాన్‌స్క్రిప్ట్ అడిగే కంపెనీలూ ఉన్నాయి. ఆఫర్ చేతికి వచ్చాక వెనక్కి పోతే, ఓపీటీ (చదువయ్యాక పని చేసే అనుమతి) రోజులు కరుగుతుండగా మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

- బీటెక్ మార్కులు బాగుంటే అవి రాయండి, మార్చకుండా. 10కి 8.4 అయితే 8.4/10 అని రాయండి. నాలుగు స్కేలుకు మీ అంతట మీరు మార్చవద్దు.
- చివరి సెమిస్టర్ల గ్రేడ్లు బాగుంటే "సంబంధిత కోర్సులు" వరసలో ఆ కోర్సులనే పెట్టండి.
- ఎడ్యుకేషన్ భాగాన్ని కిందకు జరిపి ప్రాజెక్టులు, ఇంటర్న్‌షిప్ పైకి తీసుకురండి.
- ఒక్క పేజీ. ఫోటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ వద్దు.

## 6. గ్రేడు చెప్పలేనిది ప్రాజెక్టుతో చెప్పించండి

తక్కువ జీపీఏ ఉన్నవాళ్లకు ఇదే ప్రాణం. కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. క్లాసులో అందరూ చేసిన ప్రాజెక్టు పేరు రాస్తే మీరూ ఆ అందరిలో ఒకరు. అదే ప్రాజెక్టును ఇంకో మూడు వారాలు ముందుకు తీసుకెళ్తే మీ పనితనం కనిపిస్తుంది.

హార్డ్‌వేర్ రెజ్యూమేల్లో పదేపదే కనిపించే వాక్యం ఇది (ఫిఫో అంటే ముందు వచ్చిన డేటా ముందు బయటకు వెళ్లే క్యూ):

"వెరిలాగ్‌లో ఎసింక్రనస్ ఫిఫో డిజైన్ చేశాను."

చదివేవాళ్లకు దీన్నుంచి ఏమీ తెలియదు. ఇప్పుడు ఇది చూడండి:

"రెండు వేర్వేరు క్లాకుల మధ్య 16 లోతు ఎసింక్రనస్ ఫిఫో: గ్రే కోడ్ పాయింటర్లు, రెండు ఫ్లాప్‌ల సింక్రనైజర్లు. ఫుల్, ఎంప్టీ షరతులకు సిస్టమ్‌వెరిలాగ్ అసర్షన్లు రాశాను. రాండమ్ టెస్టుల్లో, రీసెట్ ఒకవైపు ముందుగా వదిలినప్పుడు ఎంప్టీ ఫ్లాగ్ తప్పుగా పడిపోవడం దొరికింది. రీసెట్‌ను రెండు డొమైన్లలో విడిగా సింక్రనైజ్ చేసి సరిదిద్దాను."

రెండో దాంట్లో ఒక తప్పు దొరికింది, అది ఎలా దొరికిందో ఉంది, ఎలా సరిచేశారో ఉంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు వెంటనే అడిగేది "బైనరీ పాయింటర్లు నేరుగా పంపితే ఏమవుతుంది?" అని. ఒకేసారి చాలా బిట్లు మారితే అవతలి క్లాక్ కొన్ని పాతవి, కొన్ని కొత్తవి పట్టుకుని అసలు లేని విలువ చదువుతుందని, గ్రే కోడ్‌లో ఒక్క బిట్టే మారుతుందని మీరు చెప్పగలిగితే మీ డిజిటల్ డిజైన్ గ్రేడు గురించి ఇక ఎవరూ అడగరు.

మిగతా బ్రాంచిలకూ ఇదే పద్ధతి. ఏం చేశారు, ఏ అంకెతో కొలిచారు, ఏది తప్పింది, ఎలా సరిచేశారు. మీరు నిజంగా చేసి, కొలిచినవే రాయండి. వాక్యం ఎంత బాగున్నా రెండో ప్రశ్నకే నిజం బయటపడుతుంది.

ప్రాజెక్టు చెక్‌లిస్టు

- కోడ్ లేదా లెక్కలు గిట్‌హబ్‌లో ఉన్నాయా? కోర్సు అసైన్‌మెంట్ అయితే పబ్లిక్‌గా పెట్టడానికి ప్రొఫెసర్ అనుమతి ఉందా?
- రీడ్‌మీ చదివి కొత్తవాళ్లు నడపగలరా?
- ఒక గ్రాఫ్ లేదా వేవ్‌ఫారం ఉందా?
- ప్రతి నిర్ణయానికి "ఎందుకు" అంటే జవాబు ఉందా?

## 7. ఫిల్టర్‌ను దాటి మనిషి దగ్గరకు వెళ్లండి

ఫారంలోని గడికి 2.9 మాత్రమే తెలుసు. మనిషికి మీ పని చూపించవచ్చు. అందుకే మీకు మనుషుల ద్వారా వెళ్లే అప్లికేషన్లే ఎక్కువ అక్కరకొస్తాయి.

ప్రొఫెసర్. మీకు మంచి గ్రేడు వచ్చిన కోర్సు ప్రొఫెసర్‌ను ఆఫీస్ అవర్స్‌లో కలవండి. "ఆర్ఏ ఉందా?" అని మొదలుపెట్టవద్దు. వారి ల్యాబ్ పేపర్ ఒకటి చదివి, అందులో ఒక ఫలితాన్ని మళ్లీ చేసి చూపించండి. డబ్బులు రాకపోయినా రికమెండేషన్, పరిశ్రమలో పరిచయాలు అక్కడి నుంచే వస్తాయి.

సీనియర్లు. మన కాలేజీ సీనియర్ అయినా సరే, "అన్నా, రిఫర్ చేయవా" అని మాత్రమే పంపితే వాళ్లకు ఏం చేయాలో తోచదు. నాలుగు వాక్యాలు చాలు: మీరెవరు, ఏ ఉద్యోగం లింకు, ఆ ప్రకటనలో అడిగినదానికి దగ్గరైన మీ పని ఒకటి, చివరగా పది నిమిషాలు మాట్లాడటానికి వీలవుతుందా అని. జీపీఏ ప్రస్తావన ఆ మెసేజ్‌లో వద్దు, అడిగితే దాచవద్దు.

కెరీర్ ఫెయిర్. ఫాల్ ఫెయిర్లు ఎక్కువగా సెప్టెంబర్‌లో ఉంటాయి. ఎంఎస్ మొదటి సెమిస్టర్ వాళ్లకు అప్పటికి ఎంఎస్ జీపీఏనే ఉండదు. వెళ్లండి. ఇంటర్న్‌షిప్ మాటలు అక్కడే మొదలవుతాయి, గ్రేడ్లు వచ్చేది డిసెంబర్‌లో కదా. రెండో సెమిస్టర్లో ఉన్నవాళ్లు పెద్ద బూత్‌ల క్యూలో గంట నిలబడే బదులు ముందు చిన్న కంపెనీల దగ్గరకు వెళ్లండి. అక్కడ తరచూ ఇంజినీర్లే కూర్చుంటారు, ఫిల్టర్లు తక్కువ.

## 8. ఇంటర్వ్యూలో అడిగితే

అర నిమిషం జవాబు సిద్ధంగా ఉండాలి. కారణం ఒక వాక్యం, మార్పు ఒక వాక్యం, ఆధారం ఒక వాక్యం.

"మొదటి సెమిస్టర్లో మూడు బరువైన కోర్సులు కలిపి తీసుకున్నాను, గ్రేడ్లు తగ్గాయి. తర్వాత కోర్సులు సర్దుకుని, ప్రతి వారం ఆఫీస్ అవర్స్‌కు వెళ్లాను, చివరి నాలుగు కోర్సుల్లో ఏ, ఏ మైనస్ వచ్చాయి. ఈ ఉద్యోగానికి దగ్గరైన వెరిఫికేషన్ కోర్సులో ఏ వచ్చింది, ఆ ప్రాజెక్టు గురించి చెప్పమంటారా?"

ఇంగ్లిష్‌లో మీ మాటల్లో పెట్టుకుని గట్టిగా చదివి అలవాటు చేసుకోండి. ప్రొఫెసర్‌ను నిందించవద్దు. ఇంట్లో కష్టాలు నిజమైనవైనా పొడవుగా చెప్పవద్దు, ఆ ఒక్క వాక్యంలో పట్టినంతే చెప్పండి. అడగకుండా మీ అంతట మీరు జీపీఏ ఎత్తవద్దు.

## 9. ఓపీటీ క్యాలెండర్ ముందే గీసుకోండి

జీపీఏ తక్కువైతే ఉద్యోగం రావడానికి కాస్త ఎక్కువ సమయం పట్టవచ్చు. అందుకే ఈ తేదీలు మిగతావాళ్ల కంటే మీకే ముఖ్యం. నియమాలు మారుతుంటాయి కాబట్టి ప్రతిదీ డీఎస్‌ఓతో సరిచూసుకోండి.

- ఓపీటీకి ప్రోగ్రాం ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల దాకా అప్లై చేయవచ్చు. ముందే చేయండి.
- ఓపీటీ మొదలయ్యే తేదీ మీరే ఎంచుకుంటారు, ప్రోగ్రాం ముగిశాక 60 రోజుల లోపు. ఆఫర్ లేకపోతే ఆ కిటికీలో చివరి వైపు తేదీ ఎంచుకోవడం మేలు.
- మొదలయ్యాక ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. స్టెమ్ పొడిగింపు (సైన్స్, ఇంజినీరింగ్ లాంటి డిగ్రీలకు ఇచ్చేది) వచ్చాక మొత్తం 150.
- మొదటి ఏడాది ఓపీటీలో, మీ సబ్జెక్టుకు సంబంధించి వారానికి కనీసం 20 గంటల జీతం లేని పని కూడా కార్మిక చట్టాలకు లోబడి ఉంటే ఉద్యోగం కిందే లెక్క. ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేరి ఈ రోజుల లెక్క ఆపుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. స్టెమ్ పొడిగింపులో ఇది కుదరదు, జీతం ఉండాలి, కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి.
- ఫుల్ టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ మీద ఓపీటీ ఉండదు.

## 10. తరచూ చేసే తప్పులు

దొంగ అనుభవం. ఓపీటీ రోజులు కరిగేకొద్దీ "ఐదేళ్ల అనుభవం పెడతాం, ఇంటర్వ్యూ మేం చూసుకుంటాం" అనే కన్సల్టెన్సీల ఫోన్లు మొదలవుతాయి. చేయని ఉద్యోగం రెజ్యూమేలో పెట్టినా, మీ బదులు ఇంకొకరు ఇంటర్వ్యూ ఇచ్చినా, పని లేకుండానే ఓపీటీ ఉద్యోగం ఉన్నట్టు చూపినా అది ఆ ఉద్యోగంతో ఆగదు. తర్వాత హెచ్-1బీ దగ్గర, వీసా స్టాంపింగ్ దగ్గర, గ్రీన్ కార్డ్ దగ్గర ఆ కాగితం మళ్లీ ఎదురవుతుంది. 2.9 జీపీఏ రెండేళ్లలో మరుగున పడుతుంది. ఇది పడదు. ఇప్పటికే పెట్టి ఉంటే ఇంకో అడుగు ముందుకు వేయకుండా ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచిత న్యాయ సలహా ఉంటుంది.

వందల అప్లికేషన్లు, ఒకే రెజ్యూమే. ఉద్యోగ ప్రకటనలోని మూడు ముఖ్యమైన పదాలకు మీ రెజ్యూమేలో నిజమైన ఆధారం లేకపోతే అది వృథా. రోజుకు ఐదు చాలు, సరిదిద్ది పంపండి.

రెండో మాస్టర్స్‌తో కప్పేయాలనుకోవడం. అప్పు పెరుగుతుంది. అదే స్థాయి డిగ్రీకి మళ్లీ ఓపీటీ రాదు. కొత్త రంగంలోకి నిజంగా మారాలనుకుంటే తప్ప వద్దు.

ఇంట్లో దాచడం. ఎడ్యుకేషన్ లోన్ ఈఎమ్ఐ ఎప్పుడు మొదలవుతుందో ఇంట్లో తెలియాలి. డిగ్రీ ఒక సెమిస్టర్ వెనక్కి పోయేలా ఉంటే మారటోరియం గురించి బ్యాంకుతో ముందే మాట్లాడాలి. అమ్మానాన్నలకు చెప్పేటప్పుడు లెక్కతో చెప్పండి: ఇప్పుడు ఇంత ఉంది, మే నెలకు ఇంత కావాలి, ఈ కోర్సులతో అవుతుంది అని. నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయవద్దు. క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్ ఉంది, అమెరికాలో ఎక్కడి నుంచైనా 988కి ఏ వేళనైనా కాల్ చేయవచ్చు. కౌన్సెలింగ్‌లో మాట్లాడినది మీ గ్రేడ్ల ఫైల్లోకి వెళ్లదు.

## 11. పీహెచ్‌డీకి వెళ్లినా, ఇండియాకు వచ్చినా

పీహెచ్‌డీ అడ్మిషన్లో జీపీఏ చూస్తారు, కానీ మీతో పనిచేసిన ప్రొఫెసర్ లెటర్ దాన్ని మించి పలుకుతుంది. థీసిస్ చేసి, ఒక పేపర్ రాసి ఉంటే 3.2తోనూ ప్రయత్నించవచ్చు.

ఇండియాకు వచ్చేవాళ్లకు క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో ఉండే 60 శాతం, 65 శాతం కటాఫ్‌లు అలాగే వర్తించవు, ఎందుకంటే మీరు క్యాంపస్ దారిలో రారు. హైదరాబాద్, బెంగళూరులోని బహుళజాతి సంస్థల సెంటర్లలో ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ అనుభవమే మాట్లాడుతుంది. హెచ్‌ఆర్ పోర్టల్ శాతం అడిగితే 3.1ని 25తో గుణించి 77.5 అని నింపేస్తుంటారు. అలా చేయవద్దు. 4కి 3.1 అని రాసే వీలుంటే అలాగే రాయండి, లేకపోతే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి వాళ్లు చెప్పిన పద్ధతిలో నింపి ఆ మెయిల్ దాచుకోండి.

ప్రభుత్వ ఉద్యోగమో, యూనివర్సిటీలో బోధనో అనుకుంటే విదేశీ డిగ్రీకి ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ (ఇండియా డిగ్రీతో సమానమని తెలిపే పత్రం) అడగవచ్చు. దానికి ట్రాన్‌స్క్రిప్ట్లు, డిగ్రీ సర్టిఫికెట్ కావాలి. అమెరికా వదిలే ముందే రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సీలు వేసిన ట్రాన్‌స్క్రిప్ట్లు రెండు మూడు సెట్లు తెచ్చుకోండి. యూనివర్సిటీకి ఏమైనా ఫీజు బకాయి ఉంటే వాటిని ఆపేయవచ్చు కాబట్టి ముందు ఆ బకాయి తీర్చండి.